కావలికుక్కకు మూర్ఛ వచ్చినపుడు

మహేంద్రగిరి నీడనున్న మందస నుండి తూర్పుగా సముద్రముదిక్కునకు పోవువానికి, కొండగాలి తగ్గి ఉప్పుగాలి తగులుచోట, కొబ్బరియు జీడియు పనసయు ఒకదానినొకటి పెనవేసికొని, ఇల్లెక్కడ ముగిసినదో తోట యెక్కడ మొదలైనదో తెలియని నేల యొకటి ఎదురగును. ఉద్దానమనగా నదియే. అక్కడ తోట లేని యిల్లు అరుదు. తోటయుండి కుక్క లేని యిల్లు మరింత అరుదు. వేసవిలో జీడిపండ్లు రాలునపుడును, పనసకాయలు ముగ్గునపుడును ఎలుగుబంట్లు తోటలలోనికి దిగుట ఆ ప్రాంతమువారికి క్రొత్త సంగతి కాదు. చీకటిలో వాని రాకను మనుష్యునికంటె ముందుగా పసిగట్టి మొరగు ప్రాణి యొకటి గడపలో నుండుట ఆ యింటివారి ప్రాణరక్షణకు సంబంధించిన విషయము. కనుక ఆ కుక్కకు మేలుజాతి వంశవృక్షము లేకపోయినను, పట్టణపు సోఫాలపై పవళించు లాబ్రడారుకంటె దానికి గౌరవము తక్కువ యేమియు కాదు. పనిచేసి తినునది కావున ఎక్కువయే యని నా అభిప్రాయము.

అట్టి కుక్కను ఒకదానిని ఊహించుకొందము. మూడేండ్ల వయసు, ఏనాడును జబ్బుపడి యెరుగదు. రాత్రి చేపలపులుసు కలిపిన అన్నము తృప్తిగా తిని, వసారాలో గోనెసంచిమీద ముడుచుకొని పడుకొన్నది. తెల్లవారుటకు గంటసేపు ముందు, దాని గోళ్లు గచ్చును టకటక కొట్టుకొను చప్పుడునకు ఇంటివారు ఉలికిపడి లేచి, దీపము వేసి చూతురు గదా, కుక్క ప్రక్కకు ఒరిగిపోయి, మెడ వెనుకకు విరుచుకొని, నాలుగు కాళ్లు బిగదీసికొని పడియున్నది. కన్నులు తెరచియే యున్నవి గాని ఆ కన్నులలో చూపు లేదు. ఊపిరి ఒక క్షణము ఆగినట్లుండును. నాలుక నీలివర్ణమునకు తిరుగును. అరనిమిషములోపల ఆ బిగువు సడలి, కాళ్లు పరుగెత్తుచున్నట్లు గాలిలో కొట్టుకొన నారంభించును. దవడలు ఠపఠప కొట్టుకొని, మ్రింగుడుపడని లాలాజలము నురుగై మూతిచుట్టును చేరి, నాలుక కొరుకుడు పడినయెడల ఆ నురుగులో ఎరుపు కనబడును. మూత్రమును మలమును దానంతటవియే పోవును. ఇదంతయు సాధారణముగా ఒకటి రెండు నిమిషముల వ్యవహారము. చూచుచున్నవారికి మాత్రము అది అరగంటగా తోచును, ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలసినది, ఏలయనగా తరువాత వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న, "ఎంతసేపు వచ్చినది?" అనునదియే, దానికి భయము చెప్పు సమాధానము ఎన్నడును నిజము కాదు.

కొట్టుకొనుట ఆగిన తరువాత కుక్క లేచి నిలుచును గాని, అది మునుపటి కుక్క కాదు. గోడకు ఢీకొనును, పిలిచిన పలుకదు, పెంచిన చేతిని గుర్తింపదు, వసారా ఈ కొననుండి ఆ కొనకు ఊరక తిరుగుచుండును, కొన్ని వేళల ఆబగా నీళ్లు త్రాగును, దొరికినది తినును. కొంతసేపు దానికి చూపే యుండకపోవచ్చును. ఈ స్థితి కొన్ని నిమిషములలో ముగియవచ్చును, కొన్ని గంటలు నిలువవచ్చును, అరుదుగా ఒకటి రెండు దినములు సాగవచ్చును. కంటికి భయంకరమైన మొదటి రెండు నిమిషములకంటె ఈ రెండవ భాగమే ఇంటివారికి ఎక్కువ ప్రమాదకరము: తన్ను తాకినది ఎవరో తెలియని కుక్క, తెలియకయే కరచును.

ఇంతలో చుట్టుప్రక్కలవారు చేరుదురు. "ఓలమ్మో, కుక్కకి పిచ్చెక్కిపోనాది, కర్ర తేండిరా!" అని ఒకరు, "తాళాలు పెట్టండర్రా కాలికాడ!" అని వేరొకరు; ఉల్లిపాయ చితుకగొట్టి ముక్కుకడ పెట్టుమని యొక పెద్దమ్మ. తాళముల గుత్తియు, ముక్కుకడ పెట్టిన ఉల్లిపాయయు కుక్కకు చేయు కీడు ఏమియు లేదు. మూర్ఛ తనంతట తాను ఆగునది గనుక, ఆ సమయమునకు చేతిలోనున్న వస్తువునకు కీర్తి దక్కును, అంతే. ప్రాణము తీయునది మొదటివాని కర్ర. దానిని గురించి ముందు చెప్పి, తరువాత మెదడులోనికి పోవుదము.

పిచ్చికుక్క యనిన జనులకుగల భయము మూఢనమ్మకము కాదు. రేబీస్ లక్షణములు మనుష్యునియందు పైకి కనబడిన పిదప వైద్యమునకు లొంగుట దాదాపు లేనేలేదు. ఆ వ్యాధి మన దేశమునకు ఇంకను తప్పలేదు. రోగము చివరిదశలో కుక్కకు మూర్ఛలు వచ్చుటయు కలదు. అయినను రెంటికిని మధ్యనున్న భేదము సామాన్యదృష్టికి అందనిది కాదు. మూర్ఛరోగము గల కుక్క నిన్న సాయంకాలము తానుగానే యున్నది, రేపు మధ్యాహ్నమునకు మరల తానే యగును. రేబీస్ సోకిన కుక్క అట్లు తిరిగి రాదు: ముందు దినములనుండియే దాని స్వభావము మారియుండును, మూలలలో దాగును, లేక కారణము లేక కరవబోవును, మొరుగు గొంతు మారును, క్రిందిదవడ జారి చొంగ కారును, నీళ్లు మ్రింగలేకపోవును, వెనుకకాళ్లు తూలును, లక్షణములు కనబడిన పిమ్మట సాధారణముగా పదిదినములలోపల చనిపోవును. అందుచేతనే ప్రభుత్వ వైద్యులును పశువైద్యులును పదిదినములు కట్టి చూడుమని చెప్పుదురు. కుక్కకు ఏటేట టీకా వేయించినట్లు కాగితము ఇంట నున్నయెడల ఈ సందేహము చాలవరకు తొలగును. టీకా లేక, కొద్దినెలల క్రిందట ఊరకుక్క కరచియుండి, నాలుగు దినములుగా నడవడి మారినదైనయెడల మాత్రము, దానిపై చేయివేయక, గదిలోనో కంచెలోనో మూసి పశువైద్యునికి కబురంపవలెను. మూర్ఛలో నున్నపుడు దాని పన్ను ఎవరికైన గీసికొన్నను, గాయముపై చొంగ పడినను, పారు నీటిలో సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. కుక్కను పదిదినములు చూచిన పిదప మనుష్యుని సంగతి చూతమను ఆలోచన పనికిరాదు.

ఇక మెదడు. విచిత్రమేమనగా, మూర్ఛ యొక్క మర్మమును మనుష్యులకు మొదట విప్పిచెప్పిన ప్రాణులలో కుక్కయే ముఖ్యమైనది. 1870లో బెర్లినునందు గుస్తావ్ ఫ్రిచ్, ఎడ్వర్డ్ హిట్సిగ్ అను ఇద్దరు, ప్రయోగశాలలో వసతి చాలక హిట్సిగ్ గృహమందే, కుక్కల మెదడు పైపొరను అల్పమైన విద్యుత్తుతో తాకిచూచిరి. ఎడమభాగమున ఒక చోట తాకిన కుడి ముంగాలు కదలినది. వేరొకచోట తాకిన వెనుకకాలు కదలినది. అంతవరకు మెదడు పైపొర ఆలోచనకే గాని కదలికకు సంబంధించినది కాదని పండితులు తలంచుచుండిరి. ఆ ప్రయోగములలోనే కొన్ని కుక్కలకు, విద్యుత్తు తీసివేసిన తరువాతకూడ, కాళ్లు కొట్టుకొనుట ఆగక మూర్ఛ వచ్చినది. ఇంచుమించు ఆ కాలముననే లండనులో జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ అను వైద్యుడు, రోగులప్రక్కన కూర్చుండి, మూర్ఛ మొదట బొటనవ్రేలి వద్ద ఆరంభమై చేతికి, ముఖమునకు ప్రాకు క్రమమును చూచి, ఇది మెదడులోని బూడిదరంగు పదార్థము అప్పుడప్పుడు హఠాత్తుగా, మితిమీరి శక్తిని విడుదల చేయుటయేయని 1873 నాటికి నిర్ణయించెను. దయ్యమును దేవతయు ఆ నిర్వచనములో చోటుచేసికొనలేదు. నిజమునకు గ్రీకు వైద్యగ్రంథమొకటి అంతకు రెండువేల సంవత్సరములకు పైగా ముందే, మూర్ఛ వచ్చు మేకల తలలు కోసిచూడుడు, అందు మెదడే చెడియుండును గాని దేవుని శాపము కనబడదని వాదించినది. మన చరకుడును అపస్మారమును రోగములలోనే చేర్చి చికిత్స చెప్పెను. జనులు మాత్రము తాళముల గుత్తిని వదలలేదు.

మెదడులోని నాడీకణములు ఒకదానికొకటి రసాయన పదార్థములద్వారా సందేశములు పంపుకొనును. గ్లూటమేట్ అనునది "కదులుము" అని పురికొల్పును. గాబా అనునది "ఆగుము" అని నిలువరించును. ఈ రెంటి సమత్వమున్నంతవరకు కోట్ల కణములు ఎవరి పని వారు, ఎవరి వేళకు వారు చేయుచుందురు. పలాస కాశీబుగ్గ జీడికార్ఖానాలో స్త్రీలు వరుసగా కూర్చుండి, ఎవరి వేగముతో వారు పిక్కలు కొట్టుచుండగా వినవచ్చు చప్పుడు ఎడతెగని గలగల గాని, ఒక పెద్ద మ్రోత కాదు. వారందరును ఒకే క్షణమున, మరల మరల, కలసి కొట్టిరేని కప్పు అదరును, పప్పు ఒక్కటియు గట్టిగా నిలువదు. గాబా నిలువరింపు తగ్గినను, గ్లూటమేట్ పురికొల్పు పెరిగినను, నాడీకణములు ఆ విధముగా కూడబలుకుకొని ఒక్కుమ్మడిగా ప్రేలుట ఆరంభించును, అదియే మూర్ఛ. మెదడంతయు అందు చిక్కుకొన్నపుడు స్పృహకు చోటు లేదు. కనుక కొట్టుకొనుచున్న కుక్క బాధపడుచున్నదని మనకు తోచునే గాని, ఆ నిమిషములలో దానికి ఏదియు తెలియదు. ఇంటివారికి ఇది నేను ఇయ్యగల ఊరటలలో మొదటిది.

నిద్రలోనో, నిద్రలేచునప్పుడో, ఊరక విశ్రమించియున్నపుడో ఈ మూర్ఛలు ఎక్కువగా వచ్చుటయు గమనింపదగినది. ఎలుగుబంటిని తరుముచు పరుగెత్తు కుక్క కంటె గోనెసంచిపై పడుకొన్న కుక్కకే ఇది వచ్చు అవకాశమెక్కువ. పరుగులో నుండి హఠాత్తుగా మెత్తగా కూలి, కొద్ది క్షణములలోనే లేచి ఏమియు జరుగనట్లు తోకయాడించు కుక్కకు వచ్చినది మూర్ఛ కాకపోవచ్చును. దాని గుండెను పరీక్షింపవలెను.

ఆ రెండు నిమిషములలో చేయవలసిన పని మిక్కిలి తక్కువ, చేయకూడనిది ఎక్కువ. గడియారము చూడవలెను. ఇంట మరియొకరుండిన సెల్‌ఫోనుతో వీడియో తీయవలెను. వైద్యునికి వంద మాటలు చెప్పలేనిది ఆ అరనిమిషపు చిత్రము చెప్పును. కుక్క అరుగుమీద నున్నచో క్రిందపడకుండ, నూతి గట్టుననో చెరువు ఒడ్డుననో ఉన్నచో నీటిలో జారకుండ, తలక్రింద మెత్తని బట్ట త్రోసి, చుట్టునున్న బల్లలు బిందెలు తొలగింపవలెను. దీపము తగ్గించి, పిల్లలను పంపివేసి, అరుపులు మాన్పవలెను. నోటిదగ్గరకు చేయి పోనీయరాదు: కుక్క తన నాలుకను మ్రింగుట యనునది జరుగదు, చెంచా పెట్టి పండ్లు విడదీయబోయినవాని వ్రేళ్లు తెగుట మాత్రము జరుగును. నీళ్లు పోయరాదు, మందు పోయరాదు. మ్రింగలేని నోటిలో పోసినదంతయు ఊపిరితిత్తులకు పోవును. పట్టి అదిమిన మూర్ఛ ఆగదు. ఆగిన తరువాత మృదువుగా పేరు పెట్టి పిలుచుచు, కొంత దూరముననే కూర్చుండి, అది మనలను గుర్తించువరకు వేచియుండవలెను.

అయిదు నిమిషములు దాటినను ఆగకున్నను, ఒకటి ముగిసి స్పృహ రాకముందే మరియొకటి మొదలైనను, ఒక దినములో రెండవది వచ్చినను, ఇక వేచియుండుట తప్పు. కండరములు ఎడతెగక కొట్టుకొనుటచేత ఒళ్లు కాగిపోవును. కుక్కకు సహజముగా నూటొకటి నూటరెండు డిగ్రీల ఫారన్‌హీటు ఉండు వేడి అంతకంతకు హెచ్చి, మెదడును మూత్రపిండములను చెరచును. కడుపుపైనను పాదములపైనను తడిబట్ట వేసి, గాలి తగులనిచ్చి, దుప్పటిలో ఎత్తుకొని పశువుల ఆసుపత్రికి తరలింపవలెను. బండి దొరకనిచో సంచార పశువైద్య వాహనమునకై 1962కు ఫోను చేయవచ్చును.

కారణముల విషయమున ఉద్దానపు కుక్కకు కొన్ని ప్రత్యేకములు కలవు. జీడి పూత దశలో టీ దోమను అణచుటకు తోటలలో మందు కొట్టుదురు. ఆ డబ్బాలు గట్టుననే పడియుండును, కలిపిన బకెట్టులో నీళ్లు నిలిచియుండును. ఆ జాతి క్రిమిసంహారకములలో కొన్ని కడుపులో పడిన కుక్కకు చొంగ, కన్నీరు, వాంతి, విరేచనము కలిగి, కంటిపాపలు సూదిమొనంత యగును, కండరములు చర్మముక్రింద అదరును, పిదప మూర్ఛ వచ్చును. దీనికి అట్రోపిన్ అను విరుగుడు కలదు గనుక, కుక్కతోపాటు ఆ డబ్బాను కూడ ఆసుపత్రికి తీసికొనిపోవుట ఎన్నటికిని మరువరాదు. ఎలుకలమందు మరియొకటి. తూర్పుకనుమలలో పెరుగు ముషిణి చెట్టు గింజలలోని స్ట్రిక్నీన్ కూడ కుక్కను బిగదీయును గాని, అది మూర్ఛ కాదు: వెన్నుపాములోని నిలువరింపు తెగిపోవుటచే చిన్న చప్పుడునకును చిన్న స్పర్శకును ఒళ్లంతయు విల్లై వంగును, కుక్కకు స్పృహ మాత్రము పూర్తిగా నుండును. కొన్ని పురపాలక సంఘములు ఊరకుక్కలను చంపుటకు ఈ విషమునే వాడిన కాలమొకటి యుండెను. 2001 నాటి జంతుజనన నియంత్రణ నియమములు ఊరకుక్కలను చంపుటను మాన్పి, శస్త్రచికిత్సయు టీకాయు చేసి విడిచిపెట్టు పద్ధతిని విధించినవి. ఆ విషము తిన్న కుక్క యొక్క చావును తలచుకొన్న, ఆ నియమములు ఇంకను ముందు రాకపోయెనే యని అనిపించును.

వయసు కూడ చాల చెప్పును. ఆరునెలలు నిండని పిల్లకు మూర్ఛ వచ్చినయెడల రక్తములో చక్కెర తగ్గుటనో, డిస్టెంపరు అను అంటురోగమునో ముందు తలంపవలెను. డిస్టెంపరులో నమలుచున్నట్లు దవడలు మాత్రమే ఆడు చిన్న మూర్ఛలు విలక్షణము, దానికి టీకా కలదు. ఈనిన కొద్దివారములలో పాలిచ్చు తల్లికి వచ్చినది కాల్షియము కొరత కావచ్చును. సూదిమందుతో కళ్లెదుటనే తేరుకొనును. ఆరేండ్లు దాటిన కుక్కకు తొలిసారి వచ్చినయెడల మెదడులో కణితిని, కాలేయమును, మూత్రపిండములను అనుమానింపవలెను. మూత్రపిండముల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పుదును: కిడ్నీవ్యాధితో ఏండ్లతరబడి పోరాడుచున్న ఉద్దానములో, అక్షరము రాని ముదుసలి కూడ తన క్రియాటినిన్ అంకెను నోటితో చెప్పును. ఆ అంకె కుక్కకు కూడ కలదనియు, మలినములు రక్తములో పేరుకొన్నచో దానికిని మూర్ఛ రావచ్చుననియు వైద్యుడు చెప్పినపుడు, అర్థము చేసికొనుటకు ఇక్కడివారికి వేరే పాఠము అక్కరలేదు. చక్కెర, కాల్షియము, కాలేయము, క్రియాటినిన్ ఈ రక్తపరీక్షలే తొలి మూర్ఛ తరువాత చేయింపదగినవి. ఎమ్మారై మహానగరముల వ్యవహారము, అందరికిని అవసరమైనదియు కాదు.

ఆరునెలలకును ఆరేండ్లకును మధ్యనున్న కుక్కకు, ఈ పరీక్షలన్నియు సరిగానుండి, మూర్ఛకును మూర్ఛకును నడుమ ఆరోగ్యముగా నున్నయెడల, దానిని కారణము తెలియని సహజ మూర్ఛరోగమందురు. బ్రిటనులోని పరిశీలనలలో నూటికి ఒకటికంటె తక్కువ కుక్కలకు ఇది కనబడినది. కొన్ని జాతులలో వంశపారంపర్యముగా ఎక్కువ. ఇటలీకి చెందిన లగొట్టో అను జాతిపిల్లలకు వచ్చు మూర్ఛకు ఒకే జన్యువులోని లోపము కారణమని 2011లో తేలినది. ఆ పిల్లలకు కొద్దినెలలలో ఆ రోగము దానంతట అదియే పోవుట మరియొక వింత.

ఇప్పుడు అందరికిని ఆశ్చర్యము గొల్పు మాట: తొలి మూర్ఛకు, అది చిన్నదై, ఒంటరిదై, కారణము కనబడనిదైనయెడల, నిత్యము మాత్రలు మొదలుపెట్టరు. అంతర్జాతీయ పశువైద్య మూర్ఛ కార్యవర్గము 2015లో ప్రకటించిన సూచనల ప్రకారము, ఆరునెలలలో రెండు లేక అంతకు మించి వచ్చినపుడును, అయిదు నిమిషములు మీరినపుడును, ఒక్కదినమున గుంపుగా వచ్చినపుడును, తరువాతి కలత మరీ తీవ్రమైనపుడును ఔషధము ఆరంభింపవలెను. మూర్ఛకు మొదట పనిచేసిన మందు పొటాషియం బ్రోమైడు. విక్టోరియా రాణికి పురుడుపోసిన చార్లెస్ లొకాక్ 1857లో దానిని వైద్యుల సభలో ప్రస్తావించెను. కుక్కలకు అది నేటికిని వాడుకలో నున్నది. రెండవది ఫినోబార్బిటాల్; మందులదుకాణమువారు గార్డినాల్ అని పిలుచునదే. 1912లో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అను జర్మను వైద్యుడు తన రోగులు రాత్రి నిద్రపోవుటకై ఈ మత్తుమందు ఇచ్చి, నిద్రతోపాటు మూర్ఛలు కూడ తగ్గుట గమనించెను. అది గాబా నిలువరింపునకు బలము చేకూర్చును. మనుష్యులకు పేరుపొందిన ఫెనిటాయిన్ మాత్రము కుక్క కాలేయము కొద్దిగంటలలోనే కరగించివేయును గనుక, ఇంటిలో ఎవరికో వాడుచున్న మూర్ఛమాత్రను కుక్కకు విరిచిపెట్టుట వ్యర్థము, ప్రమాదము కూడ.

గార్డినాల్ మొదలుపెట్టిన కుక్కకు ఆకలి దప్పిక పెరుగును, తొలి దినములలో నడక తూలును. రక్తములో మందు నిలుకడకు వచ్చుటకు రెండువారములు పట్టును. అప్పుడప్పుడు కాలేయపరీక్ష అవసరము. మూర్ఛలు పూర్తిగా మాయమగుట కొందరి అదృష్టము. ఎక్కువభాగము కుక్కలకు అవి అరుదై, చిన్నవై, బ్రతుకు సాగును. ఈ మందులో కష్టము ఇచ్చుటలో లేదు, మానుటలో నున్నది. హఠాత్తుగా ఆపిన, అంతవరకు అణగియున్న మూర్ఛలు మునుపటికంటె ఉద్ధృతముగా వచ్చును. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు, కొబ్బరిచెట్లు దారులకడ్డముగా కూలి, కరెంటు పోయి, ఉద్దానపు ఊళ్లు అనేకదినములు బయటి లోకమునకు దూరమైనవి. మాత్రలమీద కుక్కను పెంచుచున్న ఉద్దానపు పాఠకులు, అక్టోబరు నెల రాకముందే, తడి తగులని డబ్బాలో రెండువారములకు చాలినన్ని మాత్రలు ఇంట వేరుగా ఉంచుకొనవలెనని మనవి.